ఒకే రోజు రెండు డ్యూటీలు ఎందుకు పడ్డాయి?

 

ఈసారి గోడపత్రికలో లెక్కల మీద ఒక వ్యాసం రాయమని మాస్టారు నాకు చెప్పారు. లెక్కలు అనగానే మనలో చాలామంది బొమ్మలూ పొడుపుకథలూ ఉన్న పక్కకి జరిగిపోతారని నాకు తెలుసు. కొంచెం ఆగండి. ఇది మన హాస్టలు లెక్క. ఇందులో మీ పేరు లేకపోయినా మీ గది నంబరు ఉంది. నేను చేసిన తప్పు కూడా ఒకటి ఉంది.

జరిగిన సంగతి

మన హాస్టల్లో 96 మందిమి ఉన్నాం. 8 గదులు, గదికి 12 మంది. పొద్దున్నే బోరింగు కొట్టి సిమెంటు తొట్టి నింపడం గదుల వంతు. ఈరోజు 1వ గది, రేపు 2వ గది, అలా 8 దాకా వెళ్ళి మళ్ళీ 1కి వస్తుంది. అంటే ఒక గదికి 8 రోజులకోసారి నీళ్ళ డ్యూటీ.

వంటశాల డ్యూటీ వేరు. బియ్యంలో రాళ్ళు ఏరడం, కూరలు తరగడం, వడ్డించడం. దానికి 12 జట్లు, జట్టుకి 8 మంది. ఒక జట్టుకి 12 రోజులకోసారి వంతు.

జూలై నెల మొదటి సోమవారం నుంచి ఈ పద్ధతి మొదలయింది. ఆ చార్టు రాసింది నేనే. నా అక్షరాలు బాగుంటాయని నాకు అప్పజెప్పారు. ఒకే ఊరివాళ్ళు ఒకేచోట గుంపు కట్టకుండా అందరూ కలవాలన్నారు. సరే అని ఒక్కొక్క జట్టులో ప్రతి గది నుంచి ఒక్కొక్కణ్ణి వేశాను. 8 గదులు, 8 మంది, సరిగ్గా సరిపోయింది. చూడ్డానికి చార్టు ఎంతో అందంగా ఉంది. నేను మురిసిపోయాను.

3వ గదిలో ఆరో తరగతి తమ్ముడు ఒకడు ఉన్నాడు. వాణ్ణి 3వ జట్టులో వేశాను. 3వ రోజు వాడు నీళ్ళ దగ్గరకి రాలేదు. ఎవరూ పట్టించుకోలేదు. 27వ రోజు మళ్ళీ రాలేదు. గది లీడరు గుర్తుపెట్టుకున్నాడు. 51వ రోజు కూడా రాలేదు. "అన్నిసార్లూ వీడే ఎగ్గొడుతున్నాడు సార్" అని ఫిర్యాదు వెళ్ళింది. వాడు వంటశాలలో ఉన్నానని చెప్పాడు. "వంటశాల డ్యూటీ ఇంకో రోజు కదా, అబద్ధమా?" అన్నారందరూ. అలా అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. మర్నాటి నుంచి మూడు రోజులు వాడొక్కడే బోరింగు కొట్టాలని శిక్ష పడింది.

51వ రోజు మంగళవారం. మర్నాడు బుధవారం, సంత. ఆ తమ్ముడి అమ్మ వెదురు కొమ్ములు అమ్ముకోడానికి సంతకి వచ్చి, పనిలో పనిగా కొడుకుని చూసిపోదామని హాస్టలుకి వచ్చింది. వాడు ఒక్కడే బకెట్టు మోస్తున్నాడు. ఆమె ఏమీ అడగలేదు. గట్టు మీద కూర్చుని, వాడి పని అయ్యేదాకా చూసి, మూట ఇచ్చి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం వాడు నా దగ్గరకి వచ్చి, "అన్నా, నువ్వు రాసిన చార్టులోనే ఉంది. చూసుకో" అన్నాడు. అప్పుడు చూశాను.

చార్టులో ఏముంది?

3వ గదికి నీళ్ళ డ్యూటీ పడిన రోజులు: 3, 11, 19, 27, 35, 43, 51.

3వ జట్టుకి వంటశాల డ్యూటీ పడిన రోజులు: 3, 15, 27, 39, 51.

రెండింటిలోనూ ఉన్నవి 3, 27, 51. ఆ మూడు రోజులూ పొద్దున్న ఒకే వేళకి వాడు బోరింగు దగ్గరా ఉండాలి, వంటశాలలోనూ ఉండాలి. ఒక మనిషి రెండుచోట్ల ఎలా ఉంటాడు? వాడు చెప్పింది నిజం.

3 నుంచి 27కి తేడా 24. 27 నుంచి 51కి తేడా 24. ఈ 24 ఎక్కడి నుంచి వచ్చింది? ఇక్కడి నుంచే మన లెక్క మొదలు.

క.సా.గు. అంటే

ఒక సంఖ్యని 1, 2, 3, 4 ఇలా వరుసగా హెచ్చవేస్తే వచ్చేవి దాని గుణిజాలు.

8 గుణిజాలు: 8, 16, 24, 32, 40, 48...

12 గుణిజాలు: 12, 24, 36, 48...

రెండింటిలోనూ ఉన్నవి 24, 48, ఇంకా ముందుకు పోతే 72, 96... ఇవి సామాన్య గుణిజాలు. ఇక్కడ సామాన్యం అంటే మామూలు అని కాదు, ఇద్దరికీ ఉమ్మడిది అని. మన ఊళ్ళో ఉమ్మడి బావి లాగా. వీటిలో అన్నిటికన్నా చిన్నది 24. అదే కనిష్ఠ సామాన్య గుణిజం, పొట్టిగా క.సా.గు.

8 రోజులకోసారి వచ్చే పని, 12 రోజులకోసారి వచ్చే పని ఒకసారి కలిశాయంటే మళ్ళీ 24 రోజులకి కలుస్తాయి. కాబట్టి తమ్ముడికి మళ్ళీ 75వ రోజు కూడా ఇదే గతి పట్టేది.

గ.సా.భా. అంటే

ఒక సంఖ్యని శేషం లేకుండా భాగించేవి దాని భాజకాలు. వీటినే కారణాంకాలు అని కూడా అంటారు. అందుకే కొన్ని పుస్తకాల్లో గ.సా.భా. అనీ, కొన్నిటిలో గ.సా.కా. అనీ ఉంటుంది. రెండూ ఒకటే, కంగారు పడకండి.

8 కారణాంకాలు: 1, 2, 4, 8.

12 కారణాంకాలు: 1, 2, 3, 4, 6, 12.

ఉమ్మడివి 1, 2, 4. వాటిలో పెద్దది 4. అదే గరిష్ఠ సామాన్య భాజకం.

ఇక్కడ మనవాళ్ళు ఎక్కువగా పొరపాటు పడతారు. గరిష్ఠం అంది కాబట్టి పెద్ద సంఖ్య వస్తుందనీ, కనిష్ఠం అంది కాబట్టి చిన్న సంఖ్య వస్తుందనీ అనుకుంటారు. తీరా చేస్తే తిరగబడుతుంది. భాజకం ఎప్పుడూ ఆ సంఖ్యని మించదు. గుణిజం ఎప్పుడూ ఆ సంఖ్యకి తగ్గదు. 4 అటు, 24 ఇటు, మధ్యలో 8, 12.

మరి "కనిష్ఠ సామాన్య భాజకం" ఎందుకు అడగరు? ఏ సంఖ్యలకైనా అది 1. అడిగి లాభం లేదు. "గరిష్ఠ సామాన్య గుణిజం" ఎందుకు అడగరు? గుణిజాలకి అంతే లేదు, అన్నిటికన్నా పెద్దది ఎక్కడ దొరుకుతుంది?

నాకు ఎందుకు తెలియలేదు?

నాది 6వ గది, 9వ జట్టు. నాకు ఎన్నడూ రెండూ ఒకే రోజు పడలేదు. నాకు పడలేదు కాబట్టి ఎవరికీ పడదనుకున్నాను. మరి నాకు ఎందుకు పడలేదు? అదృష్టమా? కాదు. దీనికి జవాబు ఆ 4 లో ఉంది.

రోజుల నంబర్లని నాలుగు వరసల్లో పేర్చండి.

మొదటి వరస: 1, 5, 9, 13, 17, 21...

రెండో వరస: 2, 6, 10, 14, 18, 22...

మూడో వరస: 3, 7, 11, 15, 19, 23...

నాలుగో వరస: 4, 8, 12, 16, 20, 24...

ఇప్పుడు 6వ గది నీళ్ళ డ్యూటీ రోజులు చూడండి: 6, 14, 22, 30. అన్నీ రెండో వరసలోనే ఉంటాయి. ఎందుకంటే 8 రోజులు దూకడం అంటే ఆ వరసలో రెండు అంకెలు జరగడమే. 9వ జట్టు రోజులు: 9, 21, 33, 45. అన్నీ మొదటి వరసలోనే. 12 రోజులు దూకడం అంటే ఆ వరసలో మూడు అంకెలు జరగడం. 8లోనూ 4 ఉంది, 12లోనూ 4 ఉంది. అందుకే ఏదీ తన వరస దాటదు. వేర్వేరు వరసల్లో నడిచేవాళ్ళు ఎన్నాళ్ళు నడిచినా ఎదురుపడరు. పదేళ్ళు ఈ చార్టు నడిపినా నాకు రెండు డ్యూటీలు ఒకేసారి పడవు.

పాపం తమ్ముడి గది 3, జట్టు 3. రెండూ మూడో వరస. తప్పించుకోడానికి లేదు.

వాడి గదిలోనే 7వ జట్టు, 11వ జట్టు అన్నయ్యలు కూడా అదే వరసలో ఉన్నారు. 11వ జట్టు అన్నయ్యకి 11వ రోజు, 7వ జట్టు అన్నయ్యకి 19వ రోజు రెండు డ్యూటీలూ కలిశాయి. నేను వెళ్ళి అడిగాను. "అవును, ఒకరోజు బోరింగు దగ్గర కాసేపు కనబడి వంటశాలకి జారుకున్నాను" అని ఒకరన్నారు. పెద్దవాళ్ళు ఎలాగో సర్దుకున్నారు. చిన్నవాడికి సర్దుకోవడం చేతకాలేదు.

అన్ని గదులకీ లెక్క వేశాను. గదికి ముగ్గురు చొప్పున 8 గదుల్లో 24 మందికి ఇలా పడుతోంది. మిగతా 72 మందికి ఎప్పుడూ పడదు. 24 రోజులు, 24 మంది, అంటే రోజుకి సరిగ్గా ఒక్కడు. రోజుకొకడు కాబట్టే ఎవరి కంటా పడలేదు. ఒకేరోజు పదిమందికి పడి ఉంటే మొదటి రోజే గోల అయ్యేది.

కాబట్టి ఈ రెండూ రెండు వేరు వేరు అధ్యాయాలు కావు. రెండు పనులు అసలు కలుస్తాయా లేదా అన్నది గ.సా.భా. చెబుతుంది. కలిస్తే మళ్ళీ ఎన్నాళ్ళకి కలుస్తాయన్నది క.సా.గు. చెబుతుంది.

పెద్ద సంఖ్యలకి ఎలా?

చిన్న సంఖ్యలకైతే కారణాంకాలన్నీ రాసుకోవచ్చు. పెద్దవాటికి రెండు దారులున్నాయి.

ఒకటి, ప్రధాన సంఖ్యలుగా విడగొట్టడం. 8 = 2 × 2 × 2. 12 = 2 × 2 × 3. రెండింటిలోనూ ఉమ్మడిగా ఉన్నది 2 × 2 = 4. అది గ.సా.భా. ఉమ్మడివి ఒక్కసారే రాసి, మిగిలినవి కూడా కలిపితే 2 × 2 × 2 × 3 = 24. అది క.సా.గు.

రెండోది భాగహార పద్ధతి. జెండా పండగకి రంగుకాగితాలు కట్టడానికి 168 అడుగుల తాడు ఒకటి, 96 అడుగుల తాడు ఒకటి ఉన్నాయనుకోండి. రెండింటినీ ఏమీ మిగలకుండా ఒకే పొడుగు ముక్కలు చేయాలి. ముక్క వీలైనంత పొడుగు ఉండాలి. ఎంత?

168ని 96తో భాగిస్తే శేషం 72.

96ని 72తో భాగిస్తే శేషం 24.

72ని 24తో భాగిస్తే శేషం 0.

చివరగా భాగించినది 24. అదే గ.సా.భా. ముక్క 24 అడుగులు. మొదటి తాడుకి 7 ముక్కలు, రెండోదానికి 4 ముక్కలు. ఇది ఎందుకు పనిచేస్తుందంటే, రెండు తాళ్ళనీ మిగలకుండా కొలిచే ముక్క ఆ రెండింటి తేడాని కూడా మిగలకుండా కొలుస్తుంది. కాబట్టి పెద్ద తాడుని పక్కనపెట్టి తేడాతో పని చేసుకోవచ్చు. అలా చిన్నది చేసుకుంటూ పోవడమే.

ఈ పద్ధతిని సుమారు క్రీ.పూ. 300 ప్రాంతంలో యూక్లిడ్ తన గ్రంథం ఏడవ భాగంలో రాశాడు. మన దేశంలో ఆర్యభటుడు క్రీ.శ. 499లో రాసిన ఆర్యభటీయంలో ఇలాగే మళ్ళీ మళ్ళీ భాగించే పద్ధతితో ఇంకో అడుగు ముందుకు వేశాడు. ఒక సంఖ్యతో భాగిస్తే ఇంత శేషం, మరో సంఖ్యతో భాగిస్తే ఇంత శేషం వచ్చే సంఖ్య ఏది అని కనిపెట్టే విధానం అది. దానికి కుట్టకం అని పేరు. కుట్టడం అంటే ఇక్కడ సూదిదారం పని కాదు. దంచడం. రోట్లో దంచినట్టు సంఖ్యల్ని దంచి చిన్నవి చేస్తారు. 8తో భాగిస్తే 3, 12తో భాగిస్తే 7 మిగిలే సంఖ్య ఏది? 19. అంటే 3వ గది, 7వ జట్టు అన్నయ్యకి రెండు డ్యూటీలూ పడిన రోజు. మన హాస్టలు లెక్క ఆర్యభటుడి కాలం నాటిదే అన్నమాట!

ఒక సులువు, ఒక హెచ్చరిక

రెండు సంఖ్యల్ని హెచ్చవేస్తే వచ్చే లబ్ధం, వాటి గ.సా.భా., క.సా.గు.ల లబ్ధం సమానం. 8 × 12 = 96. 4 × 24 = 96. కాబట్టి ఒకటి తెలిస్తే రెండోది భాగహారంతో వచ్చేస్తుంది.

కాని ఇది రెండు సంఖ్యలకే. మూడు సంఖ్యలకి వాడకండి. 4, 6, 8 తీసుకుంటే గ.సా.భా. 2, క.సా.గు. 24. వాటి లబ్ధం 48. మూడు సంఖ్యల లబ్ధం 192. పరీక్షలో ఇక్కడే మార్కులు పోతాయి. నాకు పోయాయి.

గ.సా.భా. 1 అయితే?

"8కీ 12కీ 4 ఉమ్మడి ఉండబట్టే ఈ తంటా. 12 జట్లకి బదులు 11 చేస్తే పోలేదా?" అని ఒక స్నేహితుడు అడిగాడు. అది ఇంకా తంటా. 8, 11ల గ.సా.భా. 1. అప్పుడు అందరిదీ ఒకటే వరస. 88 రోజుల్లో ప్రతి ఒక్కడికీ ఒకసారి రెండు డ్యూటీలూ కలిసి తీరతాయి. ఎవడూ తప్పించుకోలేడు.

దీనికి ప్రకృతిలో గొప్ప ఉదాహరణ ఉంది. ఎండాకాలంలో చెట్ల మీద చెవులు చిల్లులు పడేలా అరిచే పురుగులు మనకి తెలుసు. అమెరికాలో అలాంటి పురుగుల్లో కొన్ని జాతులు ఏళ్ళ తరబడి పిల్లపురుగులుగా భూమిలోనే ఉంటాయి. కొన్ని 13 ఏళ్ళకోసారి, కొన్ని 17 ఏళ్ళకోసారి లక్షలాదిగా ఒక్కసారి పైకి వస్తాయి. 13, 17ల గ.సా.భా. 1. క.సా.గు. 13 × 17 = 221. అక్కడ 13 ఏళ్ళ గుంపు ఒకటి, 17 ఏళ్ళ గుంపు ఒకటి 1803లో ఒకే ఏడాది వచ్చాయి. మళ్ళీ అవే రెండు గుంపులూ కలిసి వచ్చింది 2024లో. 1803కి 221 కలిపి చూడండి.

కొత్త చార్టు

తప్పు చూపించి ఊరుకుంటే లాభం లేదు. కొత్త చార్టు వేశాను. గదులు 8, జట్లు 12, జట్టుకి 8 మంది, ఏదీ మార్చలేదు. ఎవరు ఏ జట్టు అన్నది మాత్రమే మార్చాను.

3, 7 గదులవాళ్ళు: 1, 5, 9 జట్లు.

4, 8 గదులవాళ్ళు: 2, 6, 10 జట్లు.

1, 5 గదులవాళ్ళు: 3, 7, 11 జట్లు.

2, 6 గదులవాళ్ళు: 4, 8, 12 జట్లు.

రెండు గదుల్లో 24 మంది, మూడు జట్లలో 24 మంది. ప్రతి జట్టులో ఒక్కో గది నుంచి నలుగురు. లెక్క సరిపోయింది. నీళ్ళ వరస ఒకటి, వంటశాల వరస ఇంకొకటి. ఎన్నటికీ కలవవు. పైగా పక్కపక్క వరసలు కాకుండా ఒకటి వదిలి ఒకటి వేశాను. కాబట్టి రెండు డ్యూటీల మధ్య కనీసం ఒక రోజు విశ్రాంతి కూడా దొరుకుతుంది. నష్టం ఒకటే. ఇదివరకు ఒక జట్టులో 8 గదులవాళ్ళు కలిసేవారు, ఇప్పుడు రెండు గదులవాళ్ళే కలుస్తారు. మూడు నెలలకోసారి గదులు మారుస్తారు కాబట్టి అది కూడా తీరిపోతుందని నా మనవి.

చార్టు వార్డెన్ గారి బల్ల మీద పెట్టాను. వారు చూసి, వేలితో ఒక్కొక్క గదీ లెక్కపెట్టి, "అబ్బాయిని పిలు" అన్నారు. తమ్ముడితో, "నువ్వు చెప్పింది విని చార్టు చూడాల్సింది నేను" అన్నారు. వచ్చే సోమవారం నుంచి కొత్త చార్టు.

చివరగా ఒక మాట. నీళ్ళ వంతు 24 రోజులకి వంటశాల వంతుని కలుస్తుంది, సంత 7 రోజులకోసారి వస్తుంది. 24, 7ల క.సా.గు. 168. అంటే పాత చార్టే ఉండి ఉంటే, 3వ రోజు లాగా సంతనాడే రెండు డ్యూటీలు పడటం ఆ తమ్ముడికి మళ్ళీ 171వ రోజున. ఆ రోజు ఇక రాదు. కాని వచ్చే బుధవారం వస్తుంది. వాళ్ళమ్మకి కువి తప్ప వేరే భాష రాదు, నాకు కువి రాదు. తమ్ముడే చెప్పాలి. వాడు చెప్పేటప్పుడు పక్కన నిలబడి, తప్పు నాదేనని చేత్తో నన్ను నేను చూపించుకుంటాను.

మీరూ చేసి చూడండి

1. 5వ గది, 9వ జట్టు. పాత చార్టు ప్రకారం వీడికి రెండు డ్యూటీలూ కలుస్తాయా? కలిస్తే మొదటిసారి ఏ రోజు?

2. 2వ గది, 7వ జట్టు. వీడికి కలుస్తాయా? ఎందుకు?

3. 60, 84ల గ.సా.భా., క.సా.గు. భాగహార పద్ధతిలో కనుక్కోండి.

జవాబులు కాగితం మీద రాసి గోడపత్రిక కింద ఉన్న డబ్బాలో వేయండి. సరిగ్గా చేసినవారి పేర్లు వచ్చే సంచికలో రాస్తాం.

ఇట్లు,
మీ సోదరుడు,
9వ తరగతి, 6వ గది.